శీతకాలపు మడులలో అలంకార కేల్

పూలమొక్క అనగానే మన మనస్సు పూవును వెదకుతుంది. ఆకు ఎంత అందముగా ఉన్నప్పటికీ దానిని పూవునకు పరిచారికగానే ఎంచుట మనకు అలవాటు. ఈ అలవాటును తలక్రిందులు చేసిన మొక్క ఒకటి కలదు. అది పూచినదంటే దాని అందము ముగిసినదని అర్థము. పూయనంతకాలమే దానికి గౌరవము. చలి ముదిరి, తక్కిన మొక్కలు ముడుచుకొనిపోయే వేళ ఈ మొక్క నడిమి ఆకులు గులాబి, ఊదా, పాలమీగడ వర్ణములను సంతరించుకొని, నేలమీద పరచిన పెద్ద పద్మమువలె విప్పారుతవి. దీనినే ఉద్యానవేత్తలు అలంకార కేల్ అంటారు. ఈ మొక్కను గురించి నేను తెలుసుకొనుటకు మా కళాశాల ద్వారము ప్రక్కనున్న మడిలో జరిగిన ఒక అన్యాయము కారణము. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందుగా దీని వంశమును చెప్పవలెను. అలంకార కేల్ మరెవరో కాదు, మన వంటింటి క్యాబేజీకి తోబుట్టువు. క్యాబేజీ, కాలిఫ్లవరు, నూల్‌కోల్, బ్రకోలి, కేల్ ఇవన్నీ రూపములో ఒకదానికొకటి పోలిక లేనట్లు కనబడినప్పటికీ శాస్త్రదృష్టిలో ఒకే జాతి. ఆ జాతి పేరు బ్రాసికా ఒలరేసియా. మధ్యధరా, పశ్చిమ ఐరోపా సముద్రతీర ప్రాంతముల అడవి మొక్కనుండి మనుష్యుడు వేల సంవత్సరములుగా ఏరి ఏరి పెంచగా, మొగ్గ ముడుచుకొన్నది క్యాబేజీ అయినది, పూగుత్తి గడ్డకట్టినది కాలిఫ్లవరు అయినది, కాండము ఉబ్బినది నూల్‌కోల్ అయినది. ముడుచుకొనక, ఉబ్బక, ఆకులను విప్పుకొని నిలిచినది కేల్. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలో రోమను రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథములో ఈ కూరను మిక్కిలి కొనియాడినాడు. మన పోపుపెట్టెలోని ఆవాలు కూడ ఈ బ్రాసికా కుటుంబములోనివే, కాని జాతి వేరు.

పేర్ల విషయమున ఒక మాట చెప్పక పోలేను, భాషోపాధ్యాయుని బలహీనత ఇది. లాటిను భాషలో 'కౌలిస్' అనగా కాడ. కేల్, కాలిఫ్లవరు అను పేర్లు రెండును ఆ మూలమునుండి వచ్చినవే. గ్రీకులు దీనిని 'క్రాంబే' అన్నారు. అది అరబ్బీలో 'కరంబ్' అయినది. ఉర్దూలో క్యాబేజీని 'కరంకల్లా' అనుట మా విద్యార్థులలో చాలమందికి ఇంటిమాట. అందులోని 'కరం' ఆ పాత గ్రీకు మాటకు దూరపు బంధువు, 'కల్లా' అనగా పారసీకములో తల. ఈ విధముగా కూరగాయల బండి దగ్గర మా అమ్మ వాడిన మాటలో గ్రీసు, అరేబియా, ఇరాను దేశములు మూడును కూర్చున్నవి. తెలుగులో మాత్రము ఈ అలంకార మొక్కకు ఇంకను పేరు కుదరలేదు. జపానువారు దీనిని 'హబోతాన్' అంటారు. 'హ' అనగా ఆకు, 'బోతాన్' అనగా పియొనీ పూవు. ఆ పద్ధతినే అనుసరించి మనము ఆకుతామర అందామా అంటే, తామర అనగానే మనవారికి మొదట గుర్తుకు వచ్చేది చర్మవ్యాధి. పత్రపద్మము అనవచ్చునేమో. ప్రస్తుతానికి కేల్ అనియే వ్యవహరిస్తాను.

కూరగా పుట్టిన మొక్క అలంకారముగా మారినది జపానులో. అక్కడి పండితుడు కైబరా ఎకికెన్ 1709లో ప్రచురించిన 'యమాతో హొంజో' అను ఓషధీ గ్రంథములో దీనిని 'ఒరాందనా', అనగా హాలెండు ఆకుకూర, అను పేరుతో పేర్కొన్నాడు. ఆ కాలమున జపాను దేశము ఐరోపావారిలో డచ్చి వర్తకులను మాత్రమే తన రేవులోనికి రానిచ్చేది గనుక ఆ పేరు సహజమే. తినుటకు వచ్చిన ఆ కూరను జపాను తోటమాలులు కంటితో చూడసాగినారు. చలికాలములో ఏ మొక్క నడిమి ఆకు కొంచెము ఎర్రబారినదో, ఏ మొక్క అంచు కొంచెము ఎక్కువ ముడతపడినదో గమనించి, దాని విత్తనమును వేరుగా దాచి, మరల వేసి, తరతరములుగా ఈ మొక్కను తీర్చిదిద్దినారు. గుండ్రని నునుపైన ఆకులుగల టోక్యో రకము, అంచులు పట్టుగుడ్డ ముడతలవలె ఉండే నాగోయా రకము, ఈ రెండింటి కలయికవలన వచ్చిన ఒసాకా రకము, ఈకలవలె చీలిన ఆకులుగల పగడపు రకము ఈ కృషి ఫలితములే. నేటికిని జపానులో నూతన సంవత్సర వేళ వాకిట అలంకారములో వెదురు, పైను కొమ్మలతోపాటు హబోతాన్‌ను నిలుపుతారు. మన సంక్రాంతి గొబ్బెమ్మకు గుమ్మడిపూవు ఎట్టిదో, వారి కొత్త సంవత్సరమునకు ఇది అట్టిది.

అంగడిలో నునుపు అంచు గలదానిని అలంకార క్యాబేజీ అనియు, ముడతల అంచు గలదానిని అలంకార కేల్ అనియు పిలుస్తారు. ఇది వ్యాపారుల విభజనయే గాని శాస్త్రము ఒప్పుకొన్నది కాదు. పీకాక్ వంటి రకములలో ఆకులు నెమలి పింఛమువలె చీలి ఉంటవి. క్రేన్ అను తరగతి మొక్కలు పొడుగాటి కాడమీద చిన్న గుత్తివలె పెరుగుతవి, వీటిని కోసి పూలగుత్తులలో వాడుతారు, దూరమునుండి చూచినవారు గులాబీలని భ్రమపడతారు. మొదటి ఏటి మొక్కను తీసివేయక కాపాడి, రెండవ ఏట కాండము కొమ్మలు వేసి వంకరలు తిరుగగా ఒక్కొక్క కొమ్మ చివర ఒక్కొక్క గుత్తి వచ్చునట్లు చేసి దానిని 'నాట్యమాడే హబోతాన్' అని పిలుచుకొనే ముచ్చట కూడ జపానులో ఉన్నది.

ఇక మా మడి సంగతి. కొన్ని సంవత్సరముల క్రితము జనవరిలో జరుగబోవు వార్షికోత్సవమునకై ద్వారము ప్రక్కనున్న మడిలో ఏదైన కొత్త మొక్క వేయవలెనని ఉత్సవ సంఘము తలచినది. ఆ సంఘములో నేనును ఒకడిని. ఒక నర్సరీలో రంగురంగుల పటము చూచి ముచ్చటపడి, విద్యార్థుల నిధినుండి పైకము ఇచ్చి నవంబరులో కేల్ నారు తెప్పించినాము. మా మాలీ చాచా ముప్పది ఏండ్లుగా మట్టితో బ్రతికిన మనిషి. ఆయన మడిని లోతుగా త్రవ్వి, చివికిన పశువుల ఎరువు కలిపి, వరుసలు తప్పకుండ నాటినాడు. మొక్కలు బలముగా పెరిగినవి. డిసెంబరు గడచినది, జనవరి వచ్చినది, ఆకులు పచ్చగానే ఉన్నవి. రంగు రావలెనని మేము చెప్పగా ఆయన రెండు పర్యాయములు యూరియా కూడ వేసినాడు. మరింత పచ్చబడినవి. ఉత్సవమునాటికి ద్వారము ప్రక్కన ఉన్నది పురుగు తొలిచిన కూరతోట.

పైకము వృథా అయినదన్న కోపము ఎవరిమీదనో పడవలెను గదా, అది మాలీమీద పడినది. "నీళ్ళు తప్పలేదు సార్, ఎరువు తప్పలేదు. పిల్లల్ని చూచినట్టు చూచినా. రంగు మాత్రం తిరగలేదు," అని ఆయన నాతో చెప్పినాడు. నేను తల ఊపి ఊరకున్నాను. ఆ నెల ఆయన వేతనములో కొంత తగ్గించినారు. సంఘ సమావేశములో నేను ఆ నిర్ణయమునకు అడ్డు చెప్పలేదు. చెప్పుటకు నావద్ద కారణము లేదనుకొన్నాను. కారణము ఉన్నది, నేను వెదకలేదు.

ఆ కారణము ఇది. కేల్ మొక్క రంగు ఎరువులో లేదు, నీటిలో లేదు, చలిలో ఉన్నది. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులకు లేక అంతకు దిగువకు దిగి, అట్టి రాత్రులు రెండు వారములకు పైగా వరుసగా వచ్చినప్పుడే నడిమి ఆకులు రంగు తిరుగుతవి. చలిలో పుట్టిన లేత ఆకులలో పత్రహరితము సరిగా తయారుకాదు. పచ్చదనము తప్పుకొనగా తెల్లని లేక మీగడరంగు ఆకు మిగులుతుంది. ఏ రకములలో ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము తయారగు గుణము ఉన్నదో వాటిలో అదే చలివలన ఆ ద్రవ్యము పేరుకొని ఆకు గులాబిగానో ఊదాగానో మారుతుంది. వెలుపలి ముదురు ఆకులు వెచ్చని దినములలో పుట్టినవి గనుక పచ్చగానే నిలిచి, లోపలి రంగునకు పళ్ళెమువలె అమరుతవి. మధ్యలో వాతావరణము మరల వేడెక్కినచో కొత్తగా వచ్చే ఆకు మరల పచ్చనిదే వస్తుంది.

ఇక యూరియా మాట. నత్రజని పత్రహరితమునకు ముడిసరకు. రంగు రావలసిన వేళ నత్రజని వేయుట అనగా పచ్చదనమును నిలబెట్టి రంగును వెనుకకు నెట్టుట. తెలిసినవారు మొక్క ఎదుగునంతకాలము పోషణ ఇచ్చి, రాత్రులు చల్లబడగానే నత్రజనిని ఆపివేస్తారు. మేము సరిగ్గా దానికి విపరీతముగా చేయించినాము. చేయించినది మేము, చేసినది ఆయన.

మా పట్టణములో ఆ శీతకాలపు రాత్రులు 16, 17 డిగ్రీలకు దిగువకు దిగినవి చాల తక్కువ. ఆ మరుసటి సంవత్సరము జనవరిలో ఒక పునశ్చరణ తరగతికి ఢిల్లీ వెళ్ళినప్పుడు, అక్కడి రహదారి కూడలిలో ఇవే మొక్కలు మంచుతెరలో ఊదారంగున వెలుగుచుండగా చూచి నిలబడిపోయినాను. ఢిల్లీ జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలు. టోక్యోలో అది 1, 2 డిగ్రీలు మాత్రమే. హైదరాబాదులో 15కు కొంచెము అటునిటుగా ఉంటుంది. ఈ నాలుగు అంకెలు ముందుగా ఎవరైన ఒక కాగితముమీద వ్రాసి చూచియున్నచో మాలీ వేతనము జోలికి పోవలసిన పని ఉండెడిది కాదు.

అయినను మన తెలుగు ప్రాంతములన్నిటికి ఈ మొక్క అందనిదేమియు కాదు. ఆదిలాబాదు ప్రాంతమున చలిగాలులు వీచే దినములలో రాత్రి ఉష్ణోగ్రత 10కి బాగా దిగువకు దిగుట వార్తాపత్రికలు చదివేవారికి తెలిసినదే. అరకు, లంబసింగి, చింతపల్లి వంటి మన్యపు ఎత్తులలో డిసెంబరు, జనవరి నెలలు దీనికి అనుకూలములు. హైదరాబాదులో కొన్ని సంవత్సరములు బాగా చలిపెట్టి కొంత రంగు రావచ్చును, మరికొన్ని సంవత్సరములు రాకపోవచ్చును. తీరప్రాంత పట్టణములలో దీనిని పెంచదలచినవారు కూరగా తినుటకు పెంచుకొనుట మేలు.

పెంచు విధానము కష్టమైనది కాదు, కాని కాలము తప్పరాదు. మొక్క పూర్తిగా ఎదిగిన తరువాత చలి తగులవలెను, చిన్నతనములోనే చలి తగిలినచో ఎదుగుదల మందగించి చిన్నదిగానే రంగు తిరుగుతుంది. విత్తినది మొదలు మడికి శోభ వచ్చువరకు పది పన్నెండు వారములు పడుతుంది. కనుక మన వైపు చలి బిగిసే డిసెంబరు మూడవ వారమునుండి వెనుకకు లెక్కించి, సెప్టెంబరు చివరి భాగములో విత్తుట యుక్తము. ఆ దినములలో వానలు ఇంకను వెనుదీయవు గనుక నారుమడిని ఎత్తుగా కట్టి, నీరు నిలువకుండ చూడవలెను, లేనిచో నారుకుళ్ళు తెగులు ఒక్క రాత్రిలో తుడిచిపెడుతుంది. గింజ ఆవగింజను పోలి ఉంటుంది, గ్రాముకు సుమారు 250 తూగుతవి. పలుచని మట్టిపొర కప్పినచో నాలుగు మొదలు ఏడు దినములలో మొలకెత్తుతవి. మొలక కనబడగానే మంచి వెలుతురు ఇవ్వవలెను. నీడలో ఉంచినచో కాడ సాగి, పైన గుత్తి, క్రింద కొంగకాలు అన్నట్లు తయారవుతుంది.

నాలుగైదు ఆకులు వచ్చిన తరువాత, అనగా దాదాపు నాలుగు వారములకు, మడిలోనికి మార్చవచ్చును. ఇక్కడ ఒక మెలకువ కలదు. నాటునప్పుడు కాడను అడుగు ఆకులవరకు మట్టిలోనికి దించవలెను. అప్పుడు మొక్క నేలకు అంటిపెట్టుకొని పద్మమువలె పరచుకొంటుంది. మొక్కకు మొక్కకు ఒక అడుగు దూరము చాలును. పెద్దరకములు అడుగున్నర వెడల్పు అవుతవి గనుక వాటికి ఇంకొంచెము విడిచిపెట్టవలెను. ఎండ పూర్తిగా తగిలే చోటు, నీరు ఇంకే నేల, క్రమము తప్పని తడి, ఇంతే దాని కోరిక. నర్సరీలో కొనేవారు చిన్న కుండీలో వేళ్ళు చుట్టచుట్టుకొనిపోయిన మొక్కను తీసికొనరాదు, అది ఇక పెరగదు. చలి వచ్చిన తరువాత కొనేవారు కావలసిన పరిమాణములో, రంగు తిరిగిన మొక్కనే తీసికొనవలెను. మడిలో అది పెద్దది అవుతుందని ఆశపడరాదు.

పురుగులకు ఈ మొక్క అంటే మహాప్రీతి. మనవైపు ప్రధాన శత్రువు డైమండ్ రెక్కల పురుగు. దాని చిన్న పచ్చని గొంగళి ఆకు అడుగుభాగమును గీకి తిని జల్లెడ చేస్తుంది. క్యాబేజీ రైతులు ప్రతి 25 వరుసలకు రెండు వరుసల ఆవ మొక్కలను ఎర పంటగా వేసే పద్ధతి ఒకటి ఉన్నది. పురుగు ముందుగా ఆవమీదికి పోతుంది. పూలమడిలోనూ అంచున నాలుగు ఆవ మొక్కలు వేసినందువలన నష్టము లేదు, పైగా పసుపుపచ్చని పూలు కంటికి ఇంపుగా ఉంటవి. వేపగింజల కషాయము అయిదు శాతము చల్లవచ్చును. పేనుబంకకు నీటిజల్లు గట్టిగా కొట్టుట చాలును. ఆకు అంచునుండి పసుపుపచ్చని కోణాకృతి మచ్చ లోపలికి ప్రాకి ఈనెలు నల్లబడినచో అది నల్లకుళ్ళు తెగులు. అట్టి మొక్కను పెరికి దూరముగా పారవేయుటయే మందు, ప్రక్కమొక్కకు అంటుకొన్న తరువాత చేయగలిగినది లేదు. ఒకే మడిలో ఏటేటా దీనినే వేయరాదు.

ఈ మొక్క తినవచ్చునా అని పలువురు అడుగుతారు. విషము కాదు, కాని రుచి చేదు. హోటళ్ళలో పళ్ళెము అంచున అలంకారముగా వాడుతారు. అలంకారమునకై పెంచిన మొక్కలమీద ఏ మందు చల్లినారో తెలియదు గనుక నర్సరీ మొక్కను వంటింటికి తీసికొనిపోకుండుటయే మంచిది. ఒక ఉపయోగము మాత్రము రసాయనశాస్త్ర విద్యార్థులకు ఉన్నది. ఊదారంగు ఆకులను నీటిలో మరిగించి ఆ రసమును రెండు గాజుపాత్రలలో పోసి, ఒకదానిలో నిమ్మరసము, మరొకదానిలో వంటసోడా వేసి చూడండి. మొదటిది ఎరుపెక్కుతుంది, రెండవది నీలము, ఆపైన ఆకుపచ్చ ఛాయకు తిరుగుతుంది. చలివలన ఆకులో చేరినది ఏమిటో అప్పుడు కంటికి కనబడుతుంది.

ఫిబ్రవరి ముగిసి ఎండ ముదరగానే పద్మము మధ్యనుండి కాండము పైకి లేచి, నాలుగు రేకుల పసుపుపచ్చని పూలు పూస్తుంది. చలిని అనుభవించిన మొక్క వెచ్చదనము తగులగానే విత్తనమునకు తొందరపడుతుంది. అంతటితో దాని కాలము తీరినది. కుళ్ళిన ఆకులు గంధకపు వాసన వేస్తవి, ద్వారము ప్రక్కన ఉన్నప్పుడు ఆలస్యము చేయరాదు.

ఒక ఆశ మాత్రము నాకు ఉన్నది. 1822లో సహారన్‌పూర్ కంపెనీ తోటకు కాలిఫ్లవరు విత్తనములు వచ్చినవని ఉద్యాన గ్రంథములు చెబుతవి. అది కూడ చలిదేశపు మొక్కయే, మన వేడిలో గడ్డకట్టేది కాదు. తరువాతి తరముల రైతులు ఏ మొక్క వేడిని తట్టుకొన్నదో దాని విత్తనమునే దాచుచు పోగా, 20 డిగ్రీలకు పైబడిన వేడిమిలోనూ గడ్డకట్టే భారతీయ రకములు ఏర్పడినవి. నేడు మన అంగడిలో దసరాకు ముందే గోబీ దొరకుట వారి చలువ. అదే జాతికి చెందిన కేల్ విషయమున అట్టి ఓపిక ఎవరైన పట్టుదురేమో చూడవలెను. అది ఒకరిద్దరి జీవితకాలములో తేలే పని కాదు.

ఢిల్లీనుండి తిరిగి వచ్చిన వారమే నేను ఈ వివరములన్నిటిని ఒక కాగితముమీద వ్రాసి సంఘమునకు ఇచ్చినాను. తగ్గించిన పైకమును తిరిగి ఇవ్వవలెనని కోరినాను. ఇచ్చినారు. అప్పటికి మాలీ చాచా మా కళాశాల విడిచి రహదారి ప్రక్కనున్న ఒక నర్సరీలో కుదిరినాడు. పైకము తీసికొని వెళ్ళి సంగతి చెప్పగా ఆయన నోట్లు లెక్కపెట్టలేదు. "అట్లనా సార్? చలి తక్కువై రంగు రాలేదా? నేనేమో నా చేతిలో పస తగ్గిందనుకున్నా," అన్నాడు. ఆ ఏడాది పొడుగునా ఆయన ఆ మాటనే నమ్ముకొని ఉన్నాడని నాకు అప్పుడు తెలిసినది.

ద్వారము ప్రక్క మడిలో ఇప్పుడు బంతి, చేమంతి వేస్తున్నాము. కేల్ మొక్కలు నాలుగు మాత్రము వసతిగృహపు మిద్దెమీద కుండీలలో ఉన్నవి. నారు చాచా పనిచేసే నర్సరీనుండే వచ్చినది, యూరియా వేయవద్దని ఆయనే మరీమరీ చెప్పి పంపినాడు. వృక్షశాస్త్ర విద్యార్థులు ఇద్దరు ప్రతి ఉదయము కనిష్ఠ ఉష్ణోగ్రత వ్రాసికొంటున్నారు. ఇంతవరకు అన్నిటికంటె తక్కువ 14 డిగ్రీలు. మూడు కుండీలు పచ్చగానే ఉన్నవి. ఉత్తరపు గోడవైపు ఉన్న నాలుగవదానిలో నడిమి ఆకు ఈనె పొడుగునా సన్నని గులాబి గీత ఒకటి కనబడుచున్నదని నిన్న వారు వచ్చి చెప్పినారు.